ఒకే కంప్యూటర్లో రెండు కాపురాలు

వీరమ్మ తల్లి తిరునాళ్లు దగ్గరపడుతున్నాయంటే ఉయ్యూరులో డీటీపీ షాపులకు చేతినిండా పని. "నిరుటి కరపత్రమే తీసి తేదీలు మార్చెయ్యండి" అంటూ వస్తారు జనం. ఆ పాత ఫైలేమో పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లలో ఉంటుంది. వాట్సాప్‌లో పంపిన కొత్త మేటరేమో యూనికోడ్. అందుకే ఒకే కంప్యూటర్లో పాత సాఫ్ట్‌వేరూ కొత్తదీ కలిసి కాపురం చెయ్యాల్సి వస్తోంది.

పేజ్‌మేకర్ పుట్టింది 1985లో. 7.0 వచ్చింది 2001లో, అదే ఆఖరు. దాని వారసుడు ఇన్‌డిజైన్ 1999లోనే వచ్చినా, తెలుగు యూనికోడ్‌ను ఒత్తులూ గుణింతాలతో సరిగా కూర్చే ఏర్పాటు అందులో 2012 నాటి సీఎస్6 వెర్షన్‌తో చేరింది. ఈ 13 ఏళ్లలో తెలుగు ఫైళ్లు పాత పద్ధతిలోనే గుట్టలు పడ్డాయి.

చిక్కేమిటో మన ఊరి పేరులోనే చూడొచ్చు. 'ఉయ్యూరు' కంటికి 3 అక్షరాలు. యూనికోడ్‌లో 7 సంకేతాలు: ఉ, య, పొల్లు, మళ్లీ య, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు, మొత్తం 21. అను ఫాంట్ల లెక్క వేరు. ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ ఉండాల్సిన గదుల్లో తెలుగు ముక్కల్ని కూర్చోబెడతారు. ఫాంట్ మార్చి చూడండి, ఊరి పేరు అర్థంలేని ఇంగ్లిషు అయిపోతుంది.

పేజ్‌మేకర్ 7 ఫైలును ఇన్‌డిజైన్ సీఎస్6 తెరుస్తుంది. ఆ తర్వాతి సీసీ వెర్షన్లు తెరవవు. తెరిచినా మేటర్ యూనికోడ్ అయిపోదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లో వేసి, ప్రూఫు మళ్లీ దిద్దుకోవాల్సిందే.

పాత సాఫ్ట్‌వేరూ కొత్తదీ రెండూ ఉంచుకునేవాళ్లు మూడు జాగ్రత్తలు తీసుకోవాలి.

1. రెంటినీ వేర్వేరు ఫోల్డర్లలో ఇన్‌స్టాల్ చెయ్యండి. ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే ఏ వెర్షన్ లేస్తుందో చెప్పలేం. ముందు సాఫ్ట్‌వేర్ తెరిచి, అందులోంచే ఫైలు తెరవండి.

2. పాత ఫైలు నకలు మీదే పనిచెయ్యండి. కొత్త ఇన్‌డిజైన్లో సేవ్ చేసింది పాత దాంట్లో నేరుగా తెరుచుకోదు. వెనక్కి పంపాలంటే ఐడీఎంఎల్ అనే ఫార్మాట్‌లోకి ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి. అదీ వెనక్కి సీఎస్4 దాకే పనికొస్తుంది.

3. కొత్త విండోస్‌లో పేజ్‌మేకర్ మొరాయిస్తే వర్చువల్ మెషిన్‌లో (కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లో) విండోస్ ఎక్స్‌పీ పెట్టుకోండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సిఫార్సు చేసిన ర్యామ్ 128 ఎంబీ మాత్రమే. 8 జీబీ ఉన్న కంప్యూటర్లో 1 జీబీ ఇచ్చినా దానికి విందు భోజనమే. ఇంటర్నెట్ మాత్రం ఇవ్వొద్దు. 2014 ఏప్రిల్ 8తో దానికి భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి.

అసలు మనకు కావాల్సింది పాత సాఫ్ట్‌వేర్ కాదు, పాత ఫైళ్లు. చేతికొచ్చిన కరపత్రాన్ని ఆ పూటే యూనికోడ్‌లోకి మార్చి దాచుకోండి. ఫైళ్లన్నీ మారిన రోజున రెండో కాపురం ఎత్తెయ్యొచ్చు.