లంకె పట్టుకొని పోయినవాడు తిరిగి వచ్చుటెట్లు?

పాలమూరు నుండి ఒక పరిశోధక విద్యార్థి వ్రాసిన లేఖ గత మాసమున నాకు చేరినది. సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో ప్రకటించిన ‘గోలకొండ కవుల సంచిక’లోని 354 మంది కవులలో పూర్వపు మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల వారిని వేరుగా ఏర్చి, ఒక్కొక్క కవికి ఒక్కొక్క శీర్షిక నిచ్చి, గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు మొదలగు సంస్థానములను గూర్చిన ప్రకరణములకును, కృతుల పట్టికకును లంకెలు కలుపుచు, ఆయన వర్డ్‌లో ఒక దీర్ఘపత్రమును సిద్ధపరచుచున్నారు. కవి పేరు నుండి సంస్థానమునకు పోవుట క్షణములో పని. అచ్చట ఒక సవరణ చేసి, తాను చదువుచుండిన వాక్యమునకు మరల వచ్చుటకు మాత్రము మౌసు చక్రమును త్రిప్పి త్రిప్పి వ్రేలు నొప్పి పుట్టుచున్నదట. తిరిగి వచ్చు మార్గమేదైన కలదా యని ప్రశ్న.

కలదు. ఆల్ట్ మీటను అదిమిపట్టి ఎడమ బాణపు మీటను నొక్కవలెను. లేఖకు సమాధానము ఇంతటితో తీరినది. కాని ఆ బాణము నొక్కినప్పుడు యంత్రములోపల జరుగు వ్యాపారము ఎంత మనోహరమైనదో చెప్పక విడుచుటకు నాకు మనసొప్పకున్నది.

మొదటి సంగతులు త్వరగా ముగింతము. లంకెకు రెండు కొసలు: నొక్కెడు చోటొకటి, చేరెడు చోటొకటి. చేరెడు చోట బుక్‌మార్కు అను ఒక గుర్తు నాటబడియుండును. నొక్కెడు చోట ఆ గుర్తు పేరు మాత్రమే వ్రాయబడియుండును. విషయసూచికను వర్డ్ చేతనే వేయించినచో ప్రతి శీర్షిక చుట్టును అడుగుగీత పిమ్మట టీ, ఓ, సీ అను అక్షరములు వచ్చు ఒక రహస్యనామము గల గుర్తును అదియే నాటుకొనును. కంట్రోల్ మీటతో నొక్కగా పేరును వెదకి కర్సరును అచ్చట నిలుపును. ఇంతే.

అసలు ప్రశ్న, ఆ గుర్తు దేనికి అంటుకొనియున్నది? పుట సంఖ్యకని తలచువారు నేటికిని పెక్కురు. ‘చూ. పుట 137’ అని చేతితో టైపుచేసి, పీఠికలో రెండు పేరాలు పెరుగగానే సంఖ్యలన్నియు తప్పి, తుదిరాత్రి వానిని దిద్దుచు కూర్చున్న సిద్ధాంతవ్యాస రచయితలు ఈ భ్రమకు సాక్షులు. తాటాకు గ్రంథముల కాలమున ఈ భ్రమ పుట్టుటకే తావు లేదు; లేఖకుడు మారినచో ఆకుల లెక్కయు మారును గదా! అందుచేతనే మెదకు సీమ కొలిచారమునకు చెందిన మల్లినాథసూరి వంటి వ్యాఖ్యాతలు, శ్లోకములోని మొదటి పదములను ప్రతీకగా ఎత్తిచూపి వ్యాఖ్యానము నడపిరి. పాఠమే తన చిరునామా. ఏ ప్రతిలో, ఏ ఆకుమీద నున్నను ప్రతీక దొరకును.

ఈ చిక్కు 1945 జూలైలో అట్లాంటిక్ పత్రికలో ‘మెమెక్స్’ అను ఊహాయంత్రమును వర్ణించిన వానెవర్ బుష్‌కు తగులనేలేదు. ఆయన లంకెలు సూక్ష్మచిత్రపు ఫిల్ముమీది పుటల నడుమ వేయబడినవి, ఫిల్ముమీది పుట కదలదు. లంకెలకు ఆద్యుడని ఆయనను కీర్తింపని గ్రంథము లేదు. కదలని పాఠమునకు లంకె వేయుట ఏమంత ఘనకార్యమని నా సందేహము. కదలు పాఠమునకు వేయుటలోనే శాస్త్రమున్నది.

కదలిక ఎట్టిదో చూడుడు. యంత్రము దృష్టిలో పత్రమంతయు అక్షరముల ఒంటివరుస. ప్రతిదానికిని ఒక క్రమసంఖ్య. (తెలుగున ‘స్త్రీ’ అను ఏకాక్షరము సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము అని యూనికోడ్‌లో ఆరు స్థానముల నాక్రమించునని తెలిసినచో మన వ్యాకర్త లేమందురో!) పాత డాక్ ఫైళ్ళలో బుక్‌మార్కు ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో ఈ సంఖ్యలతోనే వ్రాయబడెడిది. ఆ గుర్తునకు ముందు ఎచ్చటనో నలువది అక్షరములు చేర్చినచో, ఆ చేర్చిన చోటికి తరువాతి గుర్తులన్నిటి సంఖ్యలకును నలువది కూడవలెను, తీసివేసినచో తగ్గవలెను. పాఠమును మాత్రము కదపనక్కరలేదు. 1974 ప్రాంతమున జిరాక్స్ సంస్థ పరిశోధనాలయమున బట్లర్ లాంప్సన్‌తో కలిసి ‘బ్రావో’ను నిర్మించిన చార్లెస్ సిమొన్యీ, 1981లో మైక్రోసాఫ్ట్‌లో చేరి 1983లో వెలువడిన వర్డ్‌కు తెచ్చిన యుక్తి యిది: మూలపాఠము చెక్కుచెదరక ఒకచోట నుండును, క్రొత్తగా టైపుచేసినదంతయు వేరొకచోట చివర చివరన చేరుచుండును, మొదటి దానినుండి ఇన్ని అక్షరములు, రెండవ దానినుండి ఇన్ని, మరల మొదటి దానినుండి ఇన్ని యని చెప్పు ఒక చిన్న పట్టిక మాత్రమే మారుచుండును. నాలుగువందల పుటల నడుమ ఒక పద్యమును చొప్పించినచో పట్టికలో ఒక తునక మూడు తునకలగుటయే తప్ప, లక్షల అక్షరములను ముందుకు నెట్టు శ్రమ యంత్రమునకు లేదు.

ఇచ్చట ఒక సున్నితమైన సందు కలదు. గుర్తు ఎచ్చట మొదలగునో సరిగా అచ్చటనే క్రొత్త అక్షరము పడినచో, అది గుర్తునకు లోపలిదా, వెలుపలిదా? గణితము రెండింటికిని ఒప్పుకొనును. కార్యక్రమమును (ప్రోగ్రామును) వ్రాసినవాడు ఏదో ఒక ప్రక్కకు ఒరగవలెను. పరీక్షింపగోరువారు ‘వనపర్తి సంస్థానము’ అను శీర్షికకు ఒక అడ్డ ఉల్లేఖమును (క్రాస్ రెఫరెన్సును) వేసి, ఆ శీర్షికలో వకారమునకు సరిగా ముందు కర్సరు నిలిపి, ఎంటర్ నొక్కి, పైకి పోయి ఒక క్రొత్త పేరా టైపుచేయుడు. పిమ్మట ఎఫ్9తో ఉల్లేఖములను నవీకరింపుడు. ‘వివరములకు వనపర్తి సంస్థానము చూడుడు’ అని యుండవలసిన వాక్యము నడుమ ఆ పేరా యంతయు వచ్చి కూర్చుండును! గుర్తు తన ముంగిట పడినదానిని లోపలికి లాగుకొన్నది. వైరస్ అని భయపడువారున్నారు. అది సరిహద్దు తగవు మాత్రమే. శీర్షికకు ముందు పేరా కావలసినచో పైపేరా చివర ఎంటర్ నొక్కుట మేలు.

ఇక నాకత్యంత ప్రీతిపాత్రమైన తిరుగుదారి. పోవుటకు చిరునామా ముందే వ్రాసియున్నది. వచ్చుటకు లేదు, ఏలయన ఎవడు ఎచ్చటనుండి వచ్చునో చేరెడు చోటునకు తెలియదు. చాలమంది ప్రతి ప్రకరణము చివరను ‘విషయసూచికకు తిరిగిపొండు’ అని ఒక లంకె వేసి సంతుష్టులగుదురు. ఇది పరిష్కారము కాదు. చెన్నకేశవశాస్త్రి అను కవి ప్రకరణము నుండి వచ్చినవానిని, రంగారెడ్డి అను కవి ప్రకరణము నుండి వచ్చినవానిని, ఇద్దరిని గొనిపోయి మొదటి పుటలో పడవేయు ఏర్పాటది.

ఇదే సమస్య గణనయంత్రములకు పుట్టుకతోనే వచ్చినది. ఒక ఉపకార్యక్రమమును పలుచోట్లనుండి పిలిచినప్పుడు పని ముగియగానే పిలిచినచోటికే మరలుటెట్లు? కేంబ్రిడ్జిలో 1949లో పనికి దిగిన ఎడ్సాక్ యంత్రముమీద డేవిడ్ వీలర్ చమత్కారమొకటి చేసెను: పిలుచువాడు తన స్థానమును చేతబట్టుకొని పోవును, ఉపకార్యక్రమము దానినిబట్టి తన చివరి ఆజ్ఞను అప్పటికప్పుడు తానే దిద్దుకొనును. ఎందరు పిలిచినను ఎవరి యింటికి వారిని చేర్చును. కాని తిరుగు చిరునామాకు అందు ఒక్కటే గది. పని ముగియకమున్నే ఆ ఉపకార్యక్రమము తన్ను తానే మరల పిలుచుకొన్నచో క్రొత్త చిరునామా పాతదానిని తుడిచివేయును, ఇక మొదటి యింటికి దారి లేదు. చిత్రమేమన, అంతకు ముందే, 1945 చివర వ్రాసిన నివేదికలో, అలన్ ట్యూరింగ్ సరియైన మార్గమును చెప్పియుండెను: విడిచిన స్థలమును పాతిపెట్టవలెను, దానిపై మరియొక దానిని, పైదానిని ముందుగా త్రవ్వి తీయవలెను. ఆ నివేదిక చిరకాలము అచ్చుకాకుండుటచే ఇతరులు దానిని మరల మరల కనిపెట్టవలసివచ్చినది.

పెండ్లిపందిరిలో ఇస్తరాకుల దొంతర యెట్టిదో ఇదియు నట్టిదే: చివర పెట్టినది ముందు లేచును. కవి నుండి వనపర్తికి, వనపర్తి నుండి అచ్చటి మరియొక కవికి, ఆయన నుండి కృతుల పట్టికకు పోయినచో దొంతరపై మూడు చిరునామాలు నిలుచును. ఆల్ట్‌తో ఎడమబాణమును మూడుమారులు నొక్కగా వచ్చిన త్రోవకు వెనుకలు ముందులై బయలుదేరిన వాక్యమునకు చేరుదురు. అయితే నడుమ వనపర్తి ప్రకరణమున పది పంక్తులు చేర్చియుండినచో? దొంతరలోని చిరునామాలును వట్టి సంఖ్యలైనచో పది పంక్తుల మేరకు దారి తప్పును. కావున తిరుగుదారి గుర్తులు కూడ బుక్‌మార్కుల వలెనే పాఠముతో కూడ జరుగునట్టివి కావలెను. సరిహద్దు తగవును, దొంతరయు ఇచ్చట ఒకటగుచున్నవి. ఈ కూడలిని చూచిననాడు నాకు కలిగిన ఆనందమును ఏమని చెప్పుదును!

1968 డిసెంబరు 9న సాన్‌ఫ్రాన్సిస్కోలో తన వ్యవస్థను ప్రదర్శించిన డగ్లస్ ఎంగెల్‌బర్ట్‌కు ఈ రెండు అవసరములును బోధపడినవి. ఆయన వ్యవస్థ తరువాతి రూపమున ప్రతి వాక్యఖండమునకును స్థలము మారినను మారని సంఖ్య యుండెను, వెనుకటి దృశ్యమునకు మరలు ఆజ్ఞయు నుండెను. 1965లో ‘హైపర్‌టెక్స్ట్’ అను పేరును లోకమునకిచ్చిన టెడ్ నెల్సన్ మాత్రము లంకెలను పాఠములో పొదుగుటయే తప్పని, వానిని వెలుపల నుంచవలెనని నేటిదాక పోరిన మనిషి. ఆయన వాదము నాకు సమ్మతమే. కాని ఆయన కోరిన యంత్రము దశాబ్దములు గడచినను సిద్ధము కాలేదు, సిద్ధాంతవ్యాసమును సమర్పించు గడువో ఆగదు.

ప్రయోజనముల మాట అడుగువారికి రెండు మాటలు. వెనుకకు మరలు బొత్తామును వర్డ్ పైకి కనబడనీయక, పట్టీని మార్చుకొను జాబితాలో అన్ని ఆజ్ఞల నడుమ దాచినది. దానిని వెదకి పైపట్టీమీద పెట్టుకొనవచ్చును. షిఫ్ట్‌తో ఎఫ్5 నొక్కినచో నడచిన లంకెల దారి కాదు, చివర దిద్దిన స్థలములు వచ్చును, రెంటిని కలగలపరాదు. గుర్తులు ఫైలులో నిలుచును గాని నడచిన దారి నిలువదు, మూసి తెరచినచో దొంతర శూన్యము. ముద్రణకు ముందు కంట్రోల్‌తో ఏ, పిమ్మట ఎఫ్9 నొక్కి, ‘ఎర్రర్’ అను మాటను పత్రమంతట వెదకుడు. చెరిపివేసిన శీర్షికలను నమ్ముకొన్న ఉల్లేఖములు ఆ మాటతోనే మొరపెట్టును. ఇంత చేసిన పిమ్మట, పాత ఫాంటులతో పనిచేయు డీటీపీ కేంద్రమున మీ పాఠమును వట్టి అక్షరములుగా మార్చి పేజ్‌మేకర్‌లో అతికించినచో గుర్తు లొక్కటియు మిగులవు, పుట సంఖ్యలన్నిటిని చేతితోనే వేయవలెను. ఆ పనికి కనీసము మూడు దినములు వేరుగా పెట్టుకొనుడు.