దేవుడు కలడా యను వాదము

దేవుడు కలడా, లేడా యను విషయము పాఠశాలల చర్చాసభలలో తరచుగా వచ్చుచుండును. కొన్ని సంవత్సరములక్రిందట నట్టి సభయొకటి మా యధ్యక్షతను జరిగెను. లేడను పక్షమున మాటలాడిన బాలుడు, "దయగల దేవుడుండగా పసిబిడ్డలు వ్యాధులచే నేల చనిపోవలెను?" అని యడిగెను. సభలో నల్లరి లేచెను. మేమతనిని కూర్చుండుమంటిమి. అతడు మరల నెన్నడును సభలో నోరు విప్పలేదు.

ప్రశ్న నణచినంతమాత్రమున సందేహము తీరదు. యోబు తన శ్రమలలో దేవుని న్యాయమునే ప్రశ్నించెను. అతని మిత్రులు దేవుని పక్షమున దీర్ఘముగా వాదించిరి. తుదకు యోబు తన యెరుక స్వల్పమని యొప్పుకొనెను. కాని దేవుని కోపము మాత్రమా మిత్రులమీదనే రగిలినట్లు ఆ గ్రంథము 42వ అధ్యాయమున చదువుచున్నాము.

ఆంధ్రదేశమునను తగిన యుదాహరణము కలదు. గోరా యని ప్రసిద్ధిచెందిన గోపరాజు రామచంద్రరావుగారు (1902–1975) వృక్షశాస్త్రోపన్యాసకులు. నాస్తికులైనందున 1933లో కాకినాడయందలి యుద్యోగమును కోల్పోయిరి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించి, అస్పృశ్యతా నివారణకై పాటుపడిరి. 1944లో సేవాగ్రామమునకేగి గాంధీగారితో చర్చించిరి. గాంధీగారు దైవభక్తులు, అయినను తమ యాస్తికత్వమే సరియనిగాని, గోరాగారి నాస్తికత్వము తప్పనిగాని చెప్పజాలమనియు, ఇరువురును సత్యమును వెదకువారే యనియు నంగీకరించిరి. గోరాగారి కుమార్తెకును, అంటరానివారిగా నెంచబడిన కుటుంబపు యువకునకును వివాహమును దేవుని పేరిట గాక సత్యము పేరిట జరిపింప సమ్మతించిరి. 1948 జనవరిలో గాంధీగారు హతులైరి. ఆ మార్చిలో సేవాగ్రామముననే యా వివాహము జరిగెను. ఒకరినొకరు మార్చుకొనకపోయినను, చేయదగిన కార్యమున నేకమైరి.

కావున విద్యార్థులారా, ఎదుటివాని వాదమును అతడే ఔనని యొప్పుకొనునట్లు ముందుగా చెప్పగలిగి, పిమ్మట ఖండింపుడు. ఎరుగనిదానిని ఎరుగమనుటకు సిగ్గుపడకుడు. పరిహాసమును ప్రత్యుత్తరమని తలంపకుడు.

మేము విశ్వాసులము. పసిబిడ్డల మరణమున కర్థమేమో మేమెరుగము. సిలువపై శ్రమనొందిన క్రీస్తునందు దేవుడు మన బాధకు దూరస్థుడు కాడని నమ్ముచున్నాము. ఇది మా నమ్మకమేగాని నిరూపణము కాదు. ఈ మాటనే యానాడా బాలునితో చెప్పవలసియుండెను. ఇకమీదట మా సభలో నట్టి ప్రశ్న నెవరడిగినను, నిలువబెట్టి తుదివరకు వినెదము.