పొయ్యిలోని వేడికి లెక్క

మన పూర్వులు ధాన్యమును మానికలతోను తూములతోను కొలిచెడివారు. ఒక యూరి తూము మఱియొక యూరి తూముతో సరిపడక సంతలో తగవులు పుట్టుచుండెడివి. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, క్రమముగా దేశమంతటికిని కిలోగ్రాము ఒక్కటే యైన పిదప ఆ తగవు తీరినది. కాని మన వంటయింటిలో మాత్రము నేటికిని నాలుగు తూములున్నవి. సిలిండరును కిలోలతోను, గొట్టములద్వారా వచ్చు వాయువును ఘనమీటర్లతోను, విద్యుత్తును యూనిట్లతోను, కట్టెలను మోపులతోను కొనుచున్నాము. వీనిలో ఏది చౌకయో తెలియుట యెట్లు?

ఈ ప్రశ్న నాకు మా యింటి సంగతివలన కలిగినది. నేను నంద్యాలలో నివసించుచున్నాను. మా అక్కగారు ఆళ్లగడ్డలో ఒంటరిగా నున్నారు. సిలిండరు వెల భరింపలేనని ఆమె మరల కట్టెలపొయ్యి రాజవేసిరి. నేను చూడబోయినప్పుడు పొగచేత ఆమె కన్నులు చింతనిప్పులవలె నుండెను. హైదరాబాదులో గొట్టపు వాయువు వాడుకొను మేనల్లుడును అప్పుడు అచ్చటనే యుండెను. “మామా, కిలో వెలతో మా ఘనమీటరు వెలను పోల్చి చూడుము. మాకు నాలుగవవంతు మిగులుచున్నది” అనెను. ఆ మాటను నేనును నమ్మితిని. ఇంటికి వచ్చి లెక్క వేయగా మా యిద్దరి పొరపాటును బయటపడెను.

పొరపాటేమనగా, కిలోగ్రాము బరువునకు కొలత, ఘనమీటరు చోటునకు కొలత. మనము కొనునది బరువును గాదు, చోటును గాదు, వేడిని. కావున అన్నిటిని వేడిలోనికి మార్చిననే గాని పోలిక కుదరదు. అందులకు మనకు తెలిసిన విద్యుత్తు యూనిటే చాలును. ఒక యూనిటు 860 కిలోకేలరీలతో సమానము. ఏమియు వృథా కానిచో అది సుమారు 12 లీటర్ల చన్నీటిని మరుగుపట్టించును.

ఇక మీటరు చదువు విధము. గొట్టపు వాయువు మీటరులో నల్లని యంకెలు పూర్తి ఘనమీటర్లను, ఎఱ్ఱని యంకెలు అందలి భాగములను తెలుపును. నల్లవానిని మాత్రము వ్రాసికొనిన చాలును. మొదట 412, రెండునెలల పిదప 436 ఉన్నదనుకొందము. తీసివేయగా 24 ఘనమీటర్లు. పొగతో పోవు నీటియావిరిలోని వేడిని విడిచి లెక్కించినచో ఘనమీటరు సహజవాయువునందు సుమారు 10 యూనిట్ల వేడి యుండును. వాయువు గుణమునుబట్టి ఇది కొంచెము హెచ్చుతగ్గులగును. కావున 24ను 10చే గుణింపగా 240 యూనిట్లు.

సిలిండరునకు మీటరు లేదు. దాని తూకమే మీటరు. అందలి వాయువు 14.2 కిలోలు. అదే విధముగా లెక్కించినచో కిలోకు సుమారు 12.7 యూనిట్లు; మొత్తము 180 యూనిట్లు.

ఇప్పుడు వెలలు చూతము. ఇవి లెక్కకొఱకు అనుకొన్నవే. మీ రసీదులోని వెలలను వీనిస్థానమున వేసికొనుడు. సిలిండరు 900 రూపాయలైనచో కిలో 63 రూపాయలు పైగా పడును. గొట్టపు వాయువు ఘనమీటరు 48 రూపాయలనుకొందము. 63ను 48ని పక్కపక్కన నుంచి చూచి మా మేనల్లుడు మురిసెను. కాని వేడిలెక్కన సిలిండరు యూనిటు 5 రూపాయలు, గొట్టపు యూనిటు 4 రూపాయల 80 పైసలు. భేదము నాలుగవవంతు గాదు, యూనిటుకు ఇరువది పైసలు మాత్రమే.

ఇంకొక మెట్టున్నది. పుట్టిన వేడి యంతయు పాత్రకు చేరదు. మంచి గ్యాసుపొయ్యిలో నూటికి 68 పాళ్లు చేరును. కావున సిలిండరుతో పాత్రకు చేరిన యూనిటు 7 రూపాయల 35 పైసలగును. ఇండక్షను పొయ్యిలో సుమారు 85 పాళ్లు చేరును. విద్యుత్తు యూనిటు 6 రూపాయలైనచో అది 7 రూపాయల 6 పైసలగును. కట్టెల సంగతి వింతయైనది. ఎండుకట్టె కిలోకు సుమారు 4 యూనిట్లు. కిలో 4 రూపాయలైనచో యూనిటు ఒక్క రూపాయియే గదా యని తోచును. కాని మూడురాళ్ల పొయ్యిలో పాత్రకు చేరునది సుమారు పదవవంతే. ఆ లెక్కన యూనిటు 10 రూపాయలు! మెఱుగుపఱచిన పొయ్యిలో నాలుగవవంతు చేరును. అప్పుడు 4 రూపాయలే పడును. కావున తప్పు కట్టెది గాదు, పొయ్యిది.

ఒక సిలిండరు పాత్రకిచ్చు వేడి 122 యూనిట్లు. ఆ వేడికి మా అక్కగారి పొయ్యిలో సుమారు 300 కిలోల కట్టెలు కావలెను. అనగా 1,200 రూపాయలు. ఈ కాగితము తీసికొని నేను మరల ఆళ్లగడ్డకు పోయితిని. ఆమె శ్రద్ధగా విని యిట్లనిరి: “లెక్క నిజమే నాయనా. కాని కట్టెలకు దినమునకు ఇరువది రూపాయలిచ్చిన చాలును. తొమ్మిదివంద లొక్కమారు ఎచ్చటినుండి తెత్తును?”

నా కాగితములో లేని లెక్క అది. బీదయిండ్లలో కట్టెలు నిలిచియుండుటకు కారణము తెలియమి గాదు. రొక్క మొక్కమారు కూడకపోవుట. సిలిండరు ఆమెకు రెండునెలలు వచ్చును. దినమునకు 15 రూపాయలు డబ్బాలో వేసినచో అరువది దినములకు 900 అగును. అట్లు చేయుదమని నిశ్చయించుకొంటిమి. మొదటి సిలిండరు నేను తెచ్చియిచ్చితిని. అది కూడ కుదురని వారికి 5 కిలోల చిన్న సిలిండరు కలదు. దానిలో 63 యూనిట్ల వేడి యుండును. పశువులు గలవారికి పేడవాయువు కలదు. దాని ఘనమీటరుకు 5 యూనిట్లకు పైగా వేడి యున్నది.

పెద్దలారా, ఒక చిన్న పుస్తకము గోడకు వ్రేలగట్టుడు. సిలిండరు తగిలించిన తేదీ, అయిపోయిన తేదీ, విద్యుత్తు మీటరు అంకె, కట్టెలకిచ్చిన రూపాయలు అందు వ్రాయుడు. మూడునెలలలో మీ యింటి పొయ్యి ఎంత తినుచున్నదో, అందులో ఎంత అన్నమగుచున్నదో, ఎంత పొగయగుచున్నదో మీకే తెలియును. ఆ పుస్తకమును వంట చేయువారి యెదుట చదువుడు. వారి మాటయు విని పిమ్మట నిర్ణయింపుడు.