వార్తల్లో పదం: బయోనిక్ కన్ను

రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బుతో చూపు పోయినవారి రెటీనాపై 60 ఎలక్ట్రోడ్ల చిప్ అమర్చేవారు. కళ్లద్దాల్లోని కెమెరా తీసే దృశ్యం నడుముకు తగిలించుకున్న చిన్న పెట్టె మీదుగా దానికి అందుతుంది. కనిపించేవి మెరుపు చుక్కలే. అయినా గుమ్మం ఎక్కడుందో పోల్చుకోవచ్చు. అమెరికా కంపెనీ సెకండ్ సైట్ తయారుచేసిన ఈ ‘ఆర్గస్-2’కు అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో అనుమతిచ్చింది.

2019లో కంపెనీ దాని తయారీ ఆపేసింది. మరుసటి ఏడాది సిబ్బందిలో ఎక్కువమందిని తీసేసింది. అప్పటికే 350 మందికి పైగా ఈ చిప్ పెట్టించుకున్నారు.

పెట్టె పాడైతే విడిభాగం దొరకడం గగనమైంది. ఎమ్మారై తీయించుకోవచ్చో లేదో చెప్పే నాథుడు లేకుండా పోయాడు. చిప్ వద్దనుకుంటే మళ్లీ ఆపరేషనే. ఇది ముమ్మాటికీ అన్యాయం. కంపెనీ మూతపడితే గతేమిటో అంగీకార పత్రంలోనే రాయాలి. మరమ్మతులకు నిధి ముందే పక్కన పెట్టించాలి.