సంచిలో రెండు రాళ్లు

‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అన్నారు మన పెద్దలు. ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలో కాసేపు నిలబడితే ఈ సామెత ఏదో ఒక రూపంలో వినిపిస్తూనే ఉంటుంది. ‘మా పాత బండికి లక్షన్నర కూడా ఇయ్యనన్నడు’ అని ఒకరు. ‘కొత్తదానికి చెప్పిన ధర ఒకటి, వేసిన బిల్లు ఇంకొకటి’ అని మరొకరు. 2008 మార్చిలో విమానాలు బేగంపేటను వదిలి శంషాబాద్‌కు వచ్చాయి. 2009 అక్టోబర్‌లో మెహిదీపట్నం నుండి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే తెరుచుకుంది. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. ఒకప్పుడు బస్సు కోసం గంటలకొద్దీ నిలబడ్డ కుటుంబాలు ఇప్పుడు కారులో గుడికి వస్తున్నాయి. దేవునికి స్తోత్రం. అయితే కారు కొనే చోట, అమ్మే చోట మన విశ్వాసం ఎలా ఉంటున్నది? ఆ ప్రశ్న మమ్మల్ని 2025 దసరా తర్వాత గట్టిగా తాకింది.

మా ఇంట్లో 2016లో కొన్న చిన్న కారు ఉండేది. దాన్ని ఇచ్చి కొత్తది తీసుకుందామని ఒక షోరూంకు వెళ్లాం. చల్లని నీళ్లు, టీ, నవ్వు ముఖాలు. ‘మీరు మా ఫ్యామిలీ లాంటివాళ్లు సార్’ అన్న మాటలు. ఆ తర్వాత చేతికి ఒక కాగితం ఇచ్చారు. బండి ధర, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఖర్చు సరే. వాటి కింద హ్యాండ్లింగ్ చార్జీలు 8,500 రూపాయలు, యాక్సెసరీస్ 24,000, ఇన్సూరెన్స్ 42,000 రాసి ఉన్నాయి. సీటు కవర్లు, మడ్ ఫ్లాపులు మేము అడగలేదు. ‘అందరూ తీసుకుంటారు సార్’ అన్నారు.

అంతలో పాత బండికి వెల కట్టే ఆయన వచ్చాడు. చుట్టూ తిరిగాడు. టైర్లు అరిగాయన్నాడు. బంపర్ మీద గీతలున్నాయన్నాడు. ఈ మోడల్‌కు ఇప్పుడు గిరాకీ లేదన్నాడు. జీఎస్టీ తగ్గాక పాత బండ్ల ధర పడిపోయిందన్నాడు. ఆ చివరి మాటలో నిజం లేకపోలేదు. 2025 సెప్టెంబర్ 22 నుండి చిన్న కార్లపై జీఎస్టీ 28 శాతం నుండి 18 శాతానికి దిగింది. కొత్తది చవకైతే పాతదాని వెల కూడా కొంత దిగుతుంది. ఆయన మమ్మల్ని ఒక ప్రశ్న కూడా అడిగాడు. దానికి మేమిచ్చిన జవాబు సంగతి తర్వాత చెబుతాం. చివరికి మా బండికి 1,40,000, దాని మీద ఎక్స్ఛేంజ్ బోనస్ 20,000, కలిపి 1,60,000 అని తేల్చారు. బయట పాత కార్లు కొనే రెండు చోట్ల అడిగితే 1,85,000 ఒకరు, 1,95,000 ఒకరు చెప్పారు.

కొనేవాడు ‘బాగాలేదు, బాగాలేదు’ అని తీసిపారేసి, అవతలికి వెళ్లాక తన బేరాన్ని గురించి గొప్పలు చెప్పుకుంటాడని సామెతల గ్రంథం 20:14 ఏనాడో గమనించింది. మూడు వేల ఏళ్ల నాటి బజారుకూ మన హైవే పక్క షోరూంకూ తేడా ఏముంది?

ఇశ్రాయేలీయుల కాలంలో అచ్చువేసిన నాణేలు లేవు. వెండిని రాళ్లతో తూచి ఇచ్చేవారు. అలాంటి తూకపు రాళ్లు యూదయ తవ్వకాలలో ఎన్నో దొరికాయి. ఒక తులము రాయి సుమారు 11 గ్రాముల పైచిలుకు ఉంటుంది. మోసగాడైన వర్తకుడు సంచిలో రెండు రకాల రాళ్లు పెట్టుకునేవాడు. తాను తీసుకునేటప్పుడు బరువైనది తీసేవాడు, ఇచ్చేటప్పుడు తేలికైనది. ఇలాంటి రెండు రాళ్లు నీ సంచిలో ఉండకూడదని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం ఖండితంగా ఆజ్ఞాపిస్తుంది. అది దేవునికి హేయమని చెబుతుంది. తెకోవ ఊరి పశువుల కాపరి ఆమోసు కూడా ఇదే మాట ఎత్తాడు. విశ్రాంతి దినం ఎప్పుడు ముగుస్తుందా, కొలపాత్ర చిన్నది చేసి, తూకం పెద్దది చేసి ఎప్పుడు అమ్ముకుందామా అని ఎదురుచూసే భక్తులను ఆయన గద్దించాడు (ఆమోసు 8:5). గమనించండి, వారు విశ్రాంతి దినాన్ని మీరినవారు కారు. ఆ రోజు బుద్ధిగా ఆరాధన చేసినవారే! మనసు మాత్రం దుకాణంలో ఉంది.

ఒకే బల్ల మీద కొత్త బండిని ఒక రాయితో, పాత బండిని ఇంకో రాయితో తూచినప్పుడు మోసం ఎక్కడ దాగుతుందో మనకు వెంటనే కనబడదు. మాకూ కనబడలేదు. ఇంటికి వచ్చి కాగితం ముందు పెట్టుకుని ఆలోచించాక మరునాడు మళ్లీ వెళ్లి ఒకే ప్రశ్న అడిగాం. ‘పాత బండి ఇవ్వకుండా కొత్తది కొంటే ఎంతకిస్తారు?’ అప్పుడు 25,000 తగ్గింపు బయటికి వచ్చింది. పాత బండి ఇస్తే ఆ తగ్గింపు లేదట! అంటే మాకు బోనస్ పేరుతో ఇచ్చే 20,000 మా డబ్బే. ఆ లెక్కన మా బండికి వారు నిజంగా కట్టిన వెల 1,60,000 కాదు, 1,35,000. రెండు బేరాలను కలిపి కూర్చుంటే ఈ లెక్క తేలదు. కొత్తదాని ధర వేరుగా, పాతదాని ధర వేరుగా కాగితం మీద రాయించుకోవాలి.

శారా చనిపోయినప్పుడు అబ్రాహాము చేసిందీ ఇదే. హెబ్రోనులో మక్పేలా గుహ కోసం ఆయన ఎఫ్రోను దగ్గరకు వెళ్తే, ఎఫ్రోను ముందు ‘ఊరికే తీసుకో’ అన్నాడు. వెంటనే నాలుగు వందల తులముల వెండి అన్న మాటను కూడా మెల్లగా జారవిడిచాడు, మనలో మనకు అదెంత అన్నట్టుగా. ‘ఫ్రీ’ అన్న మాట వెనుక ధర నడిచి రావడం అప్పటి నుండే ఉంది. అబ్రాహాము ఆ ఉచితాన్ని పట్టుకోలేదు. ఊరి గవిని దగ్గర అందరూ వింటుండగా ధర చెప్పించాడు. వర్తకులందరూ ఒప్పుకునే తూకంతో తూచి ఇచ్చాడు. పొలం, గుహ, పొలంలోని చెట్లతో సహా ఏమేమి తన వశమవుతున్నదో సాక్షుల ముందు స్పష్టం చేయించుకున్నాడు (ఆదికాండము 23). దుఃఖంలో ఉన్నా లెక్క వదల్లేదు. లెక్క చూసినా మర్యాద వదల్లేదు.

విశ్వాసి మోసపోవడం భక్తి కాదు. పావురాల్లా నిష్కపటంగా ఉండమన్న ప్రభువే పాముల్లా వివేకంగా ఉండమన్నాడు. కనుక తెలుసుకోవలసినవి తెలుసుకోవాలి. హ్యాండ్లింగ్ చార్జీలు ప్రభుత్వానికి కట్టే పన్ను కాదు. అవి దేనికో అడగడం మన హక్కు. బండికి ఇన్సూరెన్స్ తప్పనిసరే. 2018 సెప్టెంబర్ నుండి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా కూడా తప్పనిసరి. కాని దాన్ని ఆ షోరూంలోనే తీసుకోవాలన్న నియమం లేదు. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ చేయకపోతే సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. ఆ బోనస్ బండిది కాదు, యజమానిది. పాత బండి అమ్మిన కాగితాలు చూపి బీమా కంపెనీ నుండి ఉత్తరం తీసుకుంటే మూడేళ్ల లోపు కొత్త బండికి వాడుకోవచ్చు. షోరూం కాగితంలో మా బోనస్ ఊసే లేదు. దానితో బయట అడిగితే 42,000 కాస్తా 27,000 అయింది. మేనేజరుతో నెమ్మదిగా మాట్లాడాక హ్యాండ్లింగ్, యాక్సెసరీస్ కూడా కొట్టేశారు. గొంతు పెంచవలసిన అవసరం రాలేదు. అయినా వినకపోతే 1915 నంబరుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది.

ఇంకొక్క సంగతి. బండి ఇచ్చి చేతులు దులుపుకోకూడదు. రిజిస్ట్రేషన్‌లో పేరు మారేదాకా చట్టం దృష్టిలో మనమే యజమానులం. అమ్మేసిన బండి ప్రమాదం చేసినా రిజిస్ట్రేషన్‌లో పేరున్నవారే బాధ్యులని నవీన్ కుమార్, విజయ్ కుమార్‌ల కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. మనుషులకు అమ్మితే ఫారం 29, 30. అనుమతి పొందిన పాత వాహనాల డీలరుకు అప్పగిస్తే 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న నియమాల ప్రకారం ఫారం 29సి. ఇవి పూర్తయ్యాయో లేదో చూసుకోవాలి.

ఇదంతా షోరూం వారి సంచి సంగతి. మరి మా సంచి?

వెల కట్టే ఆయన డ్రైవరు సీటును వెనక్కి జరిపి, కింది పట్టాల మీది తుప్పు చూసి అడిగిన ప్రశ్న ఇది: ‘బండి నీళ్లలో ఉందా సార్?’ మేము తడుముకోకుండా చెప్పాం. ‘లేదండీ, వర్షానికి ఎప్పుడో అద్దం దించి ఉంటాం.’

2020 అక్టోబర్ 13 రాత్రిని శంషాబాద్ దారిలో ఉన్నవారెవరూ మరచిపోరు. కుండపోత వానకు గగన్‌పహాడ్ అప్ప చెరువుకు గండిపడి నీళ్లు బెంగళూరు హైవేను ముంచెత్తాయి. వాహనాలు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. పల్లపు సందులో నిలిపిన మా బండి కొట్టుకుపోలేదు గాని సీట్ల దాకా నీళ్లలో మునిగింది. నో క్లెయిమ్ బోనస్ పోతుందని క్లెయిమ్ చేయలేదు. సీట్లు విప్పించి ఆరబెట్టించాం, కొంత వైరింగ్ మార్పించాం, ఐదేళ్లు నడుపుకున్నాం. ఎక్కడా రికార్డు లేదు. మనుషులకు తెలియదు కనుక జరగనట్టే అనుకున్నాం.

షోరూంలో ఇవ్వకుండా బయట అమ్ముదామని సంఘంలో చెప్పగానే ఎయిర్‌పోర్టు కార్గోలో నైట్ డ్యూటీ చేసే ఒక తమ్ముడు వచ్చాడు. ఇద్దరు చిన్న పిల్లలు. వానలో, చలిలో నలుగురూ ఒకే బైకు మీద గుడికి వస్తారు. ‘అన్నా, 1,80,000 ఇస్తా, మిత్తికి తీసుకొచ్చుకుంటున్న’ అన్నాడు. మెకానిక్‌కు చూపించుకో అంటే నవ్వాడు. ‘మన సంఘంల అన్న బండి, ఇంకేం సూడాలె?’

మాకు సంతోషమే అయింది. షోరూం వాడి మీద గెలిచినట్టు అనిపించింది. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు మా అమ్మ ఒకే మాట అడిగింది. ‘ఆ పిల్లగాడికి నీళ్ల సంగతి చెప్పినరా?’ ఎవరమూ జవాబు చెప్పలేదు. కంచాల్లో అన్నం అట్లాగే ఉండిపోయింది. నాలుగు రోజులుగా షోరూం వాడి రెండు రాళ్ల గురించి మాట్లాడుకున్న ఇంట్లో, రెండో సంచి విప్పి చూసింది అమ్మే.

అమ్మినా, కొన్నా ఒకరినొకరు బాధపెట్టవద్దని లేవీయకాండము 25:14 చెబుతుంది. ఆ మాట అమ్మేవాడికి వేరుగా, కొనేవాడికి వేరుగా చెప్పింది కాదు. మనం కొనేటప్పుడు పారదర్శకత కావాలంటాం, అమ్మేటప్పుడు ‘అడగలేదు కదా’ అంటాం. మాకైతే ఆ సాకు కూడా లేదు. ఒకాయన అడిగాడు, మేము అబద్ధమాడాం. ఇంకొకడు నమ్మి అడగలేదు, మేము మౌనంగా ఉన్నాం. రెండూ ఒకే రాయి.

మరునాడు పొద్దున అతనికి ఫోన్ చేసి అంతా చెప్పాం. కాసేపు అతను మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం మాకు కష్టంగా ఉండింది. ఇద్దరం కలిసి మెకానిక్ దగ్గరకు వెళ్లాం. కార్పెట్ కింద వైరింగ్ కనెక్టర్లు పచ్చపడ్డాయి, బ్రేకు సెన్సారు లైను ఎప్పుడైనా ఆగిపోవచ్చు అన్నాడు ఆయన. పిల్లలను ఎక్కించుకుని ఔటర్ మీద వెళ్తున్నప్పుడు అది ఆగిపోయి ఉంటే? ఆ ఆలోచన ఇప్పటికీ మమ్మల్ని వణికిస్తుంది. బాగుచేయడానికి 25,000 అవుతుందన్నాడు. చివరికి 1,45,000కు మాట కుదిరింది. ముందు అనుకున్న దానికంటే 35,000 తక్కువ. ఆ డబ్బు మాది కాదని ఒప్పుకోవడానికి మాకు రెండు రోజులు పట్టింది.

కొత్త బండి తీసుకునే రోజు వెల కట్టే ఆయన ఎదురుపడ్డాడు. ‘ఆ రోజు మీరు అడిగింది నిజమే, బండి నీళ్లలో ఉండింది. మేము అబద్ధం చెప్పాం’ అన్నాం. ఆయన నవ్వి, ‘తెలుసు సార్, అందుకే తక్కువ వేశా. రోజూ అందరూ అదే చెప్తరు’ అన్నాడు. అందరూ అబద్ధమాడతారని అతను ముందే తగ్గిస్తాడు, అతను తగ్గిస్తాడని మనం ముందే అబద్ధమాడతాం. ఆ గొలుసు ఎక్కడో ఒకచోట తెగాలి కదా! షోరూంలలో పనిచేసే మన సంఘాల యువకులు కూడా ఎందరో ఉన్నారు. నెల టార్గెట్ల కింద నలిగిపోయే వారి కోసం ప్రార్థించాలి. సరిగ్గా లెక్క చెప్పే విశ్వాసి దగ్గరకు కొనేవారు మళ్లీ వస్తారని వారికి ధైర్యం చెప్పాలి.

యెరికోలో జక్కయ్య యేసును ఇంట్లో చేర్చుకున్నాక ముందుగా మాట్లాడింది పాటల గురించి కాదు, లెక్కల గురించి. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుంటే నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ ఇంటికి ఆ రోజే రక్షణ వచ్చిందని ప్రభువు ప్రకటించాడు (లూకా 19). షోరూంకు వెళ్లే ముందు ధరలు చూసుకుందాం, కాగితాలు అడుగుదాం, మన హక్కు మనం నిలుపుకుందాం. దానితోపాటు ఒకసారి మన సంచి కూడా విప్పి చూసుకుందాం. అందులో ఎన్ని రాళ్లున్నాయి?

ఇప్పుడు ఆదివారం ఉదయం ఆ పాత బండి మా బండి పక్కనే వచ్చి ఆగుతుంది. పిల్లలిద్దరూ దిగి మా అమ్మ దగ్గరకు పరుగెత్తుకు వస్తారు. వాళ్ల కళ్లలోకి మేము చూడగలుగుతున్నాం. 35,000కు ఇంతకంటే మంచి బేరం మాకు ఎక్కడా దొరకదు.