మేడారంలో నస్పూర్ వాడ

రెండేళ్లకోసారి మాఘ పున్నమి దగ్గర పడుతుందనగానే నస్పూర్ కార్మికవాడల్లో సజ్జ మీది టార్పాలిన్లు కిందికి దిగుతాయి. సీసీసీ కార్నర్ నుంచి శ్రీరాంపూర్ దాకా ఏ క్వార్టర్ ముందు చూసినా ఒకాయన టార్పాలిన్ పరిచి చిల్లులు వెతుకుతుంటాడు, పక్కన ఒకావిడ దబ్బనం పట్టుకొని అతుకులు వేస్తుంటుంది. బొంగులు ఎవరిస్తారు, పెద్ద గంజు ఎవరి దగ్గర ఉంది, ట్రాలీ బండి ఎవరు మాట్లాడతారు అన్న ముచ్చట నల్లా దగ్గర మొదలై బొగ్గుబాయి దాకా పోతుంది. మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు పోయి, అడవిలో మూడు నాలుగు రాత్రులు గుడారం వేసుకొని ఉండి రావడం ఈ బొగ్గు పట్టీలో ఇంటిల్లిపాదికీ పెద్ద విహారం. ఇంత తక్కువ ఖర్చులో ఇంత పెద్ద సంబరం ఇంకొకటి నాకు తెలియదు.

నస్పూర్ అంటే బయటివాళ్లకు మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద ఒక స్టాపు. జిల్లా కలెక్టరేట్ 2023 జూన్‌లో ఇక్కడే కొత్త భవనంలోకి వచ్చాక పేరు మరికొంత వినబడుతోంది. 2018లో మున్సిపాలిటీ అయిన ఊరు 2025లో మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసిపోయింది. కోల్ కెమికల్ కాంప్లెక్స్ పేరుతో వచ్చిన సీసీసీ అనే మూడక్షరాలు మాత్రం ఊరి పేరుకు ముందే అతుక్కొని ఉన్నాయి. ఆర్కే గనులు, శ్రీరాంపూర్ గనుల మీద బతికే ఈ వాడల్లో ఒక్కొక్కరిది ఒక్కో ఊరు. జగిత్యాల వైపు నుంచి ఒకరు, హుజూరాబాద్ వైపు నుంచి ఒకరు, గోదావరి అవతల మంథని నుంచి ఒకరు. ఊళ్లో భూమి పోయింది, ఇల్లు కూలింది, పండుగకు పోదామంటే పోయేచోటు లేని కుటుంబాలు ఎన్నో. అలాంటివాళ్లకు మేడారమే ఊరు. చెల్లెలు పెద్దపల్లి నుంచి, మేనమామ భూపాలపల్లి నుంచి వచ్చి ఒకే గుడారం కింద కలుస్తారు.

ఇక పైసల సంగతి. దసరాకు సింగరేణి లాభాల వాటా వస్తుంది, దీపావళికి బోనస్ వస్తుంది. ఆ రెండూ అప్పులకూ, కాలేజీ ఫీజులకూ, బంగారం దుకాణానికీ పోగా సంక్రాంతి నాటికి చేతిలో మిగిలేది నెల జీతమే. కాంట్రాక్టు కార్మికులకైతే ఆ వాటా కూడా ఉండేది కాదు. 2024 దసరాకు మొదటిసారి మనిషికి 5,000 రూపాయలు ఇచ్చారు. జాతర వచ్చేది సరిగ్గా ఈ కటకట రోజుల్లోనే. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరి రామోజీ ఫిల్మ్ సిటీకి ఐదుగురు పోతే మనిషికి వెయ్యి దాటే టికెట్లతోనే ఐదు వేలు దాటిపోతాయి, రాత్రి ఉండాలంటే హోటల్ ఖర్చు వేరు. మేడారంలో గేటు లేదు, టికెట్టు లేదు, రాత్రి పడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఉన్నవాళ్ల మేడారం కూడా ఒకటుంది. 2024 జాతరకు హనుమకొండ నుంచి హెలికాప్టర్‌లో తీసుకెళ్లి, దర్శనం చేయించి తిరిగి దించడానికి మనిషికి 28,999 రూపాయలు పెట్టారు. అంత డబ్బుతో నస్పూర్‌లో రెండు మూడు కుటుంబాలు జాతర చేసుకొని వస్తాయి. ప్రపంచంలో పెద్ద వినోద కేంద్రాల పక్కన కూడా సామాన్యుడు వెతుక్కునేది ఇలాంటి దారినే. ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ 1971లో మొదలైన ఏడాదే అడవిలో ఫోర్ట్ వైల్డర్‌నెస్ అనే గుడారాల మైదానం కూడా తెరిచారు. హోటల్ గది భారం అనుకునేవాళ్లు సొంత టెంటు వేసుకొని, సొంతంగా వండుకొని, పిల్లల్ని పార్కుకు తిప్పుతారు. దగ్గర్లో ఉండాలి, వంట మనదే కావాలి, పడక మనమే మోసుకెళ్లాలి. ఏ దేశంలోనైనా ఖర్చు తగ్గేది ఈ మూడింటితోనే.

నస్పూర్ వాళ్లకు ఇందులో ఒక చిక్కు ఉంది, అది మేకపోతు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. 2024 జాతరకు నడిపిన ఆరు వేల ప్రత్యేక బస్సుల్లోనూ ఆ సౌకర్యం ఇచ్చారు. కానీ కోళ్లను, మేకలను బస్సెక్కనివ్వరు. మొక్కేమో మేకపోతుది. అందుకని కుటుంబం రెండు ముక్కలవుతుంది. ఆడవాళ్లు, పిల్లలు మంచిర్యాల నుంచి బస్సులో పోతారు. మేక, గంజులు, బొంగులు, కట్టెల మోపులతో మగవాళ్లు నాలుగైదు ఇళ్లు కలిసి మాట్లాడుకున్న ట్రాలీలో ముందురోజే బయలుదేరతారు. ట్రాలీ కిరాయి పంచుకుంటే ఇంటికి పడేది కొంచెమే. మేకను మాత్రం ఇక్కడి ఊళ్లలోనే కొనుక్కొని పోవాలి. జాతరలో కొంటే ఆ ఒక్క ధరే మొత్తం లెక్కను తలకిందులు చేస్తుంది.

దారి చెప్తాను. శ్రీరాంపూర్, ఇందారం దాటి గోదావరి వంతెన ఎక్కితే అవతల గోదావరిఖని. అక్కడి నుంచి మంథని, కాటారం. కాటారం దాటాక టేకు అడవి మొదలవుతుంది, కాల్వపల్లి మీదుగా మేడారం పక్కనున్న ఊరట్టం చేరతాం. మామూలు రోజుల్లో పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం కల్లా చేరే దారి. జాతర బుధవారం నాడు బయలుదేరినవాళ్లు ఎప్పుడు చేరతారో ఎవరూ చెప్పలేరు. మంగళవారమే గుడారం పడిపోవాలి.

జాగ ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. అమ్మవార్ల గద్దెలకు దగ్గరగా రెడ్డిగూడెం వైపు వేస్తే నడక తగ్గుతుంది కానీ దుమ్ము, మైకులు, తొక్కిసలాట. జంపన్నవాగు ఒడ్డున వేస్తే స్నానానికి సుఖం, రాత్రి చలి మాత్రం ఎముకలు కొరుకుతుంది. మావాళ్లు ఎక్కువగా ఊరట్టం, కన్నెపల్లి వైపు పొలాల్లో దిగుతారు. బండి ఆపిన చోటు దగ్గర, చెట్ల నీడ ఉంటుంది, గద్దెల దాకా నడిచిపోవచ్చు. ఆ పొలాలు కోయ రైతులవి, మిగతా ఊరివాళ్లవి. జాగకు కిరాయి అడుగుతారు, ఇవ్వాలి. దాని గురించి ముందుకుపోయాక చెప్తాను.

గుడారం వేయడం చూడాలంటే రిటైరైన టింబర్‌మన్ పక్కన నిలబడాలి. బాయిలో కొత్తగా బొగ్గు తీసిన చోట కప్పు కింద దిమ్మెలు నిలబెట్టిన మనిషి అతను. లోపల కప్పును రాడ్‌తో తట్టి, గట్టి చప్పుడో బోలు చప్పుడో విని, ఎక్కడ ఆనిక పెట్టాలో తేల్చేవాడు. ఇప్పుడు గనుల్లో ఎక్కువగా రూఫ్ బోల్టులే కాబట్టి ఆ పనితనం కొత్తవాళ్లకు అంతగా తెలియదు. ఊరట్టం పొలంలో నేను చూసిన ఒక పెద్దాయన బొంగు దించబోయే ముందు మడమతో నేలను రెండు మూడు చోట్ల తొక్కి చూశాడు. కొడుకు గూటం కొట్టబోతే ఆపాడు.

"అక్కడ కాదు బిడ్డా, అది దున్నిన మన్ను, పట్టు దొరకదు. గట్టు మీద కొట్టు. గాలి వాగు దిక్కుకెల్లి వస్తది, వాకిలి ఇటు పెట్టు."

"చలికి టార్పాలిన్ ఆగుతదా బాపూ?"

"పైన ఇంకో పరదా కప్పాలె, నడుమ జానెడు సందు ఉంచాలె. పొద్దుగాల మంచు పై పరదా మీదనే కారిపోతది."

నాలుగు మూలలా తాడు బిగించి, ముడి వేసి, తాడును వేలితో మీటి చప్పుడు విన్నాడు. అప్పుడే లోపలికి చాపలు పోనిచ్చాడు. అన్నీ అయ్యాక ఎత్తయిన బొంగు చివర తన పాత హెల్మెట్ తగిలించాడు. లక్షల గుడారాల మధ్య రాత్రిపూట తిరిగి వచ్చేవాళ్లకు గుర్తు అదే. ఫోన్లకు సిగ్నల్ దొరకని జాతరలో ఇలాంటి గుర్తు ప్రాణాధారం. పిల్లల చేతి మీద ఫోన్ నంబర్ పెన్నుతో రాయడం, గుడారం ఏ దిక్కున ఉందో వాళ్లతో వల్లె వేయించడం కూడా మొదటి పూటే జరిగిపోవాలి.

వంటకు కట్టెలు ఇంటి నుంచే తేవడం మంచిది. అడవి పక్కనే ఉంది కదా అని గొడ్డలి పట్టుకొని పోయేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. అది ఏటూరునాగారం అభయారణ్యం పరిసరం. ఒక్కో గుడారం ఒక్కో చెట్టు కొట్టినా ఏమవుతుందో ఆలోచించండి. బియ్యం, పప్పు, చింతపండు, ఎల్లిగడ్డ కారం, ఇంట్లో చేసిన సకినాలు, మురుకులు ఉంటే కొనాల్సింది ఉల్లిగడ్డలు, కొబ్బరికాయలు, బెల్లమే. అమ్మవార్లకు బంగారం పేరుతో సమర్పించే ఆ బెల్లం కూడా మంచిర్యాలలోనే కొనుక్కుంటే బేరం కలిసొస్తుంది. మొదటి పూట పులిహోరతో గడుస్తుంది. మొక్కు తీరిన నాడు మేక కూర, దాని వాసన పక్క గుడారాలకు పోకుండా ఉండదు, గిన్నె కూడా పోక తప్పదు. మన గిన్నె పోతే వాళ్ల గిన్నె వస్తుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి, మహారాష్ట్ర నుంచి వచ్చిన గుడారాల మధ్య మాట తెలియకపోయినా ఈ గిన్నెల రాకపోకలు ఆగవు.

బుధవారం రాత్రి కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది. పగిడిద్దరాజు, గోవిందరాజు కూడా అదే రాత్రి చేరతారు. గురువారం సాయంత్రం చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తీసుకొచ్చే వేళ జాతర మొత్తం ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేల్చగానే కోళ్లు గాలిలోకి ఎగురుతాయి, శివసత్తులు ఊగిపోతారు, అమ్మను మోసుకొస్తున్న పూజారుల దారిలో జనం సాష్టాంగపడతారు. ఆ పొద్దు గుడారంలో ఎవరూ ఉండరు. ఒక్క ముసలవ్వను కాపలా పెడితే ఆమె కూడా వాకిట్లో నిలబడి గుట్ట దిక్కు దండం పెడుతుంటుంది. శుక్రవారం మొక్కులు, శనివారం తల్లుల వనప్రవేశం. బస్సులో ఒక్కపూట వచ్చి పోయేవాళ్లకు ఇందులో ఏదో ఒక్కటే దక్కుతుంది. నాలుగూ చూడాలంటే నేల మీద పడుకోవాల్సిందే.

నేల మీద పడుకునే ఈ జనమే జాతరకు అసలు అతిథులని నేను నమ్ముతాను. ఏర్పాట్లు చేసేటప్పుడు వీళ్లే చివరికి గుర్తొస్తారు. లక్నవరం చెరువు నీళ్లు జంపన్నవాగులోకి వదులుతారు, ఒడ్డున నల్లాల వరసలు పెడతారు, అవి బాగానే పనికొస్తాయి. దూరపు పొలాల్లోని గుడారాలకు మాత్రం తాగునీటి ట్యాంకర్ వచ్చిన రాత్రి ఉంటుంది, రాని రాత్రి ఉంటుంది. రానినాడు బిందె పట్టుకొని చీకట్లో పోయేది ఆడవాళ్లు. తాత్కాలిక మరుగుదొడ్లు రోడ్ల వెంబడి ఉంటాయి, జనం ఉండేది పొలాల్లో. చీకట్లో అంత దూరం పోవాలన్న భయానికి మా వాడ ఆడవాళ్లు పగలంతా నీళ్లు తాగకుండా ఉండటం నేను చూశాను. పాసుల దర్శనాల క్యూలు ఎలా నడపాలని గంటల తరబడి చర్చించేవాళ్లు, ఊరట్టం పొలాల్లో ఎన్ని మరుగుదొడ్లు పెట్టాలన్న దానికి ఒక పూట కేటాయించాలి. రేకులు అవే, నీళ్లు అవే, పెట్టే చోటు మారితే చాలు.

లీవు దొరకనివాళ్లకు వేరే దారులున్నాయి. జాతర లేని ఏడు మాఘంలో మినీ జాతర జరుగుతుంది, 2025లో ఫిబ్రవరి 12 నుంచి 15 వరకు జరిగింది. జనం తక్కువ, జాగ కావలసినంత, చిన్నపిల్లలున్న ఇంటికి నా సలహా అదే. పెద్ద జాతరకు వారం పది రోజుల ముందు ఆదివారం చూసుకొని ఒక్క రాత్రి ఉండి వచ్చేవాళ్లూ చాలామంది ఉన్నారు. అదీ కుదరకపోతే గోదావరి వంతెన దాటగానే గోదావరిఖని ఒడ్డున గద్దెలున్నాయి. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, సాయంత్రం బెల్లం ముద్దతో అక్కడికి పోయి రావచ్చు. నాగా పడదు.

కిరాయి సంగతి చెప్తానన్నాను. జాతర కోసం ఆ పొలాలు యాసంగి పంట లేకుండా ఉండిపోతాయి, వేసిన చోట తొక్కుడుకు పోతుంది. ప్రభుత్వం నష్టపరిహారం ఇవ్వాలని అక్కడి రైతులు అడుగుతున్నారు, ఆ అడగడంలో న్యాయం ఉంది. జాతర ముగిశాక వాళ్లకు మిగిలేది పొయ్యి రాళ్లు, ప్లాస్టిక్ గ్లాసులు, కోడి ఈకలు, సీసా పెంకులు. మేము దిగిన పొలం రైతు కిరాయి తీసుకుంటూ ఒక్కటే కోరాడు: "పైసలు తక్కువిచ్చినా మంచిదే అన్నా, సీసాలు మాత్రం పగలగొట్టకుండ్రి. దుక్కి దున్నేటప్పుడు ఎడ్ల కాళ్లల్ల దిగుతున్నయి." శనివారం పొద్దున మా ట్రాలీలో కట్టెలు తెచ్చిన చోటు ఖాళీ అయింది కదా, సీసాలు, ప్లాస్టిక్ అన్నీ గోనె సంచుల్లో ఎత్తి అక్కడే వేసుకొచ్చాం. నస్పూర్‌లో పాత సామాన్ల బండివాడు సీసాలకు చిల్లర కూడా ఇచ్చాడు.