ఖడ్గమృగం గొంతుతో గోడ మీద నాలుగు మాటలు

ఆర్ట్ గ్యాలరీలో ప్రతి బొమ్మ పక్కనా ఒక చిన్న పలక ఉంటుంది. చిత్రకారుడి పేరు, వేసిన సంవత్సరం, నాలుగు ముక్కల వివరణ అందులో ఉంటాయి. అదే పలకను బొమ్మలోని జంతువే మాట్లాడుతున్నట్టు రాయాలంటే ఎలా? ఒక చిత్రం తీసుకుని చూద్దాం.

వెనిస్‌లోని కా రెజ్జోనికో మ్యూజియంలో పియెత్రో లోంగి 1751లో వేసిన చిత్రం ఉంది. అందులోని ఆడ ఖడ్గమృగం పేరు క్లారా. పుట్టింది మన దేశంలోనే. పసితనంలోనే తల్లిని పోగొట్టుకుని, బెంగాల్‌లో ఒక డచ్చి కంపెనీ అధికారి ఇంట్లో పెరిగింది. 1741లో ఓడ మీద హాలండ్ చేరింది. 1758లో లండన్‌లో చనిపోయేదాకా దాన్ని యూరప్ అంతా తిప్పుతూ డబ్బులకు చూపించారు. చిత్రంలో అది గడ్డి మేస్తోంది. వెనక కొందరు వెనిస్ పండగ ముసుగులతో నిలబడి ఉన్నారు. ఒకతని చేతిలో కొరడా, ఊడిపోయిన దాని కొమ్ము ఉన్నాయి.

కలం పట్టగానే "నా అడవికి నన్ను పంపండి" అని రాయబుద్ధేస్తుంది. ఆ బాధ మనది. దాని నోట పెట్టకూడదు. అది వెనిస్ అన్న పేరెరుగదు, ముసుగుల పండగ ఎరుగదు. ఖడ్గమృగానికి చూపు మందం. వాసన, వినికిడి మాత్రం చాలా చురుకు. కాబట్టి మాటలు ముక్కు నుంచి, చెవి నుంచి రావాలి:

"ఎండుగడ్డి వాసన దగ్గరగా ఉంది. వెనక చాలామంది మనుషుల చెమట వాసన. చెక్క కిర్రుమంటోంది. కొరడా పట్టుకున్నవాడి వాసన నాకు తెలుసు. అతని చేతిలో మరో వాసన ఉంది, అది నాదే. నేను మేస్తున్నాను."

ఇందులో జాలి అన్న మాటే లేదు. అయినా చదివినవాళ్ల కళ్లు ఆ చేతిలోని కొమ్మును వెతుక్కుంటాయి. గ్యాలరీలో చదివేవాళ్లు నిలబడి చదువుతారు, వాళ్ల ఎదుటే బొమ్మ ఉంటుంది. అందుకే రాత కురచగా ఉండాలి, చూపును మళ్లీ బొమ్మ మీదికి తిప్పాలి.

ఇంకొక్క జాగ్రత్త. ఈ మాటల కింద క్లారా అసలు కథను విడిగా, మామూలు గొంతుతో రాయాలి. ఊహ ఏదో, జరిగినదేదో చూసేవాళ్లకు తెలియాలి. తన తరఫున ఒక్క మాటా చెప్పుకోలేని ప్రాణి గురించి రాసేటప్పుడు ఆ నిజాయితీ మన బాధ్యత.